మొబైల్ నెట్‌వర్కులలో వివరణీయ కృత్రిమ మేధ: కారణం ఎవరికి చెప్పాలి? – ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:

మొబైల్ నెట్‌వర్కులలో ఇంతకాలం ఇంజనీర్లు, వారు రాసిన నియమాలు తీసుకుంటూ వచ్చిన నిర్ణయాలు క్రమంగా కృత్రిమ మేధకు బదిలీ అవుతున్నాయి. 2030 ప్రాంతంలో రానున్న ఆరో తరం నెట్‌వర్కులలో ఈ బదిలీ మరింత విస్తృతం కానుంది. యంత్రం తీసుకున్న నిర్ణయానికి కారణం తెలియజేసే పద్ధతులను ‘వివరణీయ కృత్రిమ మేధ’ అంటున్నారు. ఈ పద్ధతుల చరిత్రను, అందులో తెలుగువారి కృషిని, ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికే ఎదురవుతున్న సందర్భాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విశాఖపట్నంలోని కూర్మన్నపాలెం ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని, వివరణ ఎవరి కోసమో ముందుగా నిర్ణయించకపోతే వివరణీయత అసంపూర్ణంగా మిగులుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కృత్రిమ మేధ, వివరణీయత, మొబైల్ నెట్‌వర్కు, ఆరో తరం, పరార్థానుమానం, హేత్వాభాస, కూర్మన్నపాలెం.

1. ఉపోద్ఘాతం:

గాజువాక నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీద అనకాపల్లి వైపు వెళ్లేవారికి ఉక్కు కర్మాగారం దారి చూపే కూడలి కూర్మన్నపాలెం. ఉక్కునగరం, దువ్వాడ రైల్వే స్టేషను దీనికి సమీపంలోనే ఉన్నాయి. కర్మాగారం రాత్రింబవళ్లు మూడు షిఫ్టులలో నడుస్తుంది. అందువల్ల ఇక్కడి జనసంచారపు లయ మామూలు నివాస ప్రాంతాల లయకు భిన్నమైనది. ఊరంతా నిద్రపోయే వేళ ఇక్కడ కొన్ని వందల ఇళ్లలో ఎవరో ఒకరు డ్యూటీలో ఉంటారు. మరెవరో వారి ఫోను కోసం ఎదురుచూస్తుంటారు.

ఇలాంటి చోట ఒక సందర్భాన్ని ఊహిద్దాం. విద్యుత్తు ఆదా కోసం నెట్‌వర్కులోని ఒక కృత్రిమ మేధా కార్యక్రమం అర్ధరాత్రి దాటాక ఒక టవరులోని కొన్ని పరికరాలను నిద్రావస్థలోకి పంపింది. ఆ సమయంలో కర్మాగారం నుంచి ఇంటికి చేసిన ఒక ఫోను తెగిపోయింది. యంత్రం ఎందుకలా చేసింది? ఆ ప్రశ్నకు సమాధానం నెట్‌వర్కు సంస్థలోని ఇంజనీరుకు ఒక పట్టిక రూపంలో దొరకవచ్చు. ఫోను తెగిన మనిషికి మాత్రం ఏ సమాధానమూ అందదు. వివరణీయ కృత్రిమ మేధ గురించిన చర్చలో తక్కువగా ప్రస్తావనకు వచ్చే ఈ అంతరమే ప్రస్తుత వ్యాసానికి విషయం.

2. కంటికి కనిపించిన కారణాలు:

టెలిఫోను చరిత్రలో స్వయంచాలిత ఎక్స్చేంజి పుట్టుకే ఒక అనుమానంతో ముడిపడి ఉంది. అమెరికాలో అంత్యక్రియల వ్యాపారి అయిన ఆల్మన్ స్ట్రౌజర్, తనకు రావలసిన ఫోన్లను స్విచ్‌బోర్డు దగ్గరి ఆపరేటరు పోటీదారుకు మళ్లిస్తున్నదని అనుమానించాడనీ, అందుకే ఆపరేటరు అవసరం లేని యంత్రాన్ని రూపొందించాడనీ ఒక కథనం బాగా ప్రచారంలో ఉంది. ఆయన పేటెంటు 1891 నాటిది. కథనంలోని నిజానిజాల మాట ఎలా ఉన్నా, మనిషి ఇష్టాయిష్టాల స్థానంలో అందరికీ ఒకే తీరున పనిచేసే యంత్రాన్ని నిలపాలన్న కోరిక అందులో స్పష్టంగా ఉంది. భారతదేశంలో తొలి స్వయంచాలిత ఎక్స్చేంజి 1913–14లో సిమ్లాలో ఏర్పడింది.

అదే కాలంలో డెన్మార్కుకు చెందిన గణితవేత్త ఏ.కె. ఎర్లాంగ్ 1909లో టెలిఫోను రద్దీ మీద తొలి పరిశోధన ప్రకటించాడు. ఎన్ని లైన్లుంటే ఎంతమందికి ఫోను దొరకదో లెక్కగట్టే మార్గం దీనివల్ల ఏర్పడింది. ‘ఫోను ఎందుకు కలవలేదు?’ అన్న ప్రశ్నకు ‘ఇన్ని లైన్లున్నాయి, ఇంత రద్దీ ఉంది’ అని కాగితం మీద చూపించగలిగే రోజులవి. మనదేశంలో 1984లో ఏర్పడిన సీ-డాట్ సంస్థ గ్రామాల కోసం చిన్న ఎక్స్చేంజిని తయారుచేసినప్పుడు కూడా ఈ లక్షణం మారలేదు. ఆ ఎక్స్చేంజి పనితీరు సంక్లిష్టమే అయినా, దాని ప్రతి చర్యకూ ఒక మనిషి రాసిన నియమం ఆధారంగా ఉండేది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు నగరమంతటా ఫోన్లు మూగబోయాయి. కరెంటు లేదు. స్తంభాలు, చెట్లు కూలిపోయాయి. ఆ రోజుల్లో సమాచారం అందక జనం పడిన యాతన చిన్నది కాదు. అయినా కారణం ఏమిటని ఎవరినీ అడగనక్కరలేకపోయింది. నెట్‌వర్కు వైఫల్యానికి కారణం వినియోగదారుకూ ఇంజనీరుకూ ఒకేలా కనిపించిన సందర్భం అది. ఆ తరువాతి దశాబ్దంలో నెట్‌వర్కు పనితీరులో వచ్చిన మార్పు ఈ సమానత్వాన్ని చెదరగొట్టింది.

3. నియమాల నుంచి అభ్యసనానికి:

మొబైల్ ప్రమాణాలను రూపొందించే అంతర్జాతీయ కూటమి 3జీపీపీ, 2008లో పూర్తయిన తన ఎనిమిదవ విడుదలలో తనను తాను సర్దుకునే నెట్‌వర్కు భావనను ప్రవేశపెట్టింది. పొరుగు టవర్ల జాబితాను నెట్‌వర్కే తయారుచేసుకోవడం వంటి పనులు ఇందులోకి వస్తాయి. అప్పటికింకా ఇవి చాలావరకు మనుషులు రాసిన నియమాలే. ఐదో తరానికి పునాది వేసిన పదిహేనవ విడుదలలో, నెట్‌వర్కు సమాచారాన్ని విశ్లేషించడానికే ప్రత్యేకించిన ఒక విభాగం చేరింది. 2018లో ఏర్పడిన ఓ-రాన్ కూటమి టవర్ల నియంత్రణను రెండు అంచెలుగా విభజించింది. ఒక అంచె 10 మిల్లీసెకన్ల నుంచి ఒక సెకను లోపు నిర్ణయాలు తీసుకుంటుంది. మరొకటి అంతకుమించిన వ్యవధిలో విధానాలను నిర్దేశిస్తుంది. ఈ రెండు అంచెలలోనూ అనుభవం నుంచి నేర్చుకునే ప్రోగ్రాములను అమర్చే వీలుంది.

భారతదేశంలో ఐదో తరం సేవలు 2022 అక్టోబరు 1న మొదలయ్యాయి. 2023 మార్చిలో కేంద్రం భారత్ 6జీ దార్శనిక పత్రాన్ని విడుదల చేసింది. అదే ఏడాది నవంబరులో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ఆరో తరానికి చట్రాన్ని ఆమోదించింది. అందులో పేర్కొన్న ఆరు వినియోగ సందర్భాలలో కృత్రిమ మేధ, సమాచార ప్రసారాల సమ్మేళనం ఒకటి. అంటే, రానున్న తరంలో కృత్రిమ మేధ బయటి నుంచి తెచ్చి తగిలించిన పరికరంగా ఉండదు. నెట్‌వర్కు నిర్వచనంలోనే భాగంగా ఉంటుంది.

నియమానికీ అభ్యసనానికీ ఉన్న తేడా ఇక్కడ ముఖ్యం. నియమాన్ని చదివి కారణం చెప్పవచ్చు. నేర్చుకున్న యంత్రంలో లక్షలాది సంఖ్యలు మాత్రమే ఉంటాయి. వాటిని చదివినా కారణం దొరకదు. వివరణీయ కృత్రిమ మేధ అవసరం ఇక్కడినుంచే మొదలవుతుంది.

4. వివరణ చరిత్ర – తెలుగువారి కృషి:

యంత్రాన్ని కారణం అడగడం కొత్త విషయం కాదు. 1970లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన మైసిన్ అనే వైద్య నిపుణ వ్యవస్థ రక్తంలోని సూక్ష్మక్రిముల వ్యాధులకు మందులు సూచించేది. వైద్యుడు దాన్ని ‘ఎందుకు అడుగుతున్నావు?’ అనీ, ‘ఎలా తేల్చావు?’ అనీ ప్రశ్నించవచ్చు. తాను వాడిన నియమాన్ని అది బదులుగా చూపేది.

ఆ దశాబ్దంలోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రాజ్ రెడ్డి నాయకత్వంలో హియర్‌సే-2 అనే వాక్కును గుర్తించే వ్యవస్థ రూపుదిద్దుకుంది. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. ధ్వనులు, పదాలు, వాక్య నిర్మాణం తెలిసిన వేర్వేరు జ్ఞాన విభాగాలు తమ ఊహలను ఒక ఉమ్మడి నల్లబల్ల మీద రాయడం, ఇతర విభాగాలు వాటిని బలపరచడమో తోసిపుచ్చడమో చేయడం ఈ వ్యవస్థ ప్రత్యేకత. వివరణ కోసం నిర్మించింది కాకపోయినా, ఏ ఊహ ఎక్కడినుంచి వచ్చిందో బల్ల మీద చూసుకునే వీలు దాని నిర్మాణంలోనే ఉంది.

లోతైన నాడీజాలాలు ప్రాబల్యంలోకి వచ్చాక ఈ వీలు పోయింది. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా 2016లో వివరణీయ కృత్రిమ మేధ మీద ప్రత్యేక కార్యక్రమాన్ని ప్రకటించింది. అదే సంవత్సరం వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి లైమ్, మరుసటి ఏడాది షాప్ అనే పద్ధతులు వెలువడ్డాయి. షాప్ పద్ధతికి మూలం 1953లో లాయిడ్ షాప్లీ ప్రతిపాదించిన పంపక సూత్రం. నలుగురు కూలీలు కలిసి ఒక పని చేసినప్పుడు ఎవరి వాటా ఎంతో తేల్చడానికి, ఒక్కొక్కరు జట్టులో చేరినప్పుడు పని ఎంత పెరిగిందో అన్ని వరుసలలోనూ చూసి సగటు తీసినట్టుగా ఉంటుందీ లెక్క. టవరును నిద్రపుచ్చిన నిర్ణయంలో సమయం వాటా ఎంత, రద్దీ వాటా ఎంత, పొరుగు టవరు సామర్థ్యం వాటా ఎంత అని ఈ పద్ధతి పంచి చూపుతుంది.

అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉన్న తెలుగు శాస్త్రవేత్త సుబ్బారావు కంభంపాటి, ఆయన సహపరిశోధకులు 2017లో ఈ ధోరణికి భిన్నమైన ప్రతిపాదన చేశారు. యంత్రం తన లెక్కను తానే వల్లించుకుంటే అది వివరణ అనిపించుకోదనీ, వినేవారి మనసులో ఉన్న నమూనాకూ యంత్రపు నమూనాకూ మధ్య తేడాను గుర్తించి, ఆ తేడాను సరిదిద్దేంత మేరకు చెప్పడమే వివరణ అనీ దాని సారాంశం. ఈ దృష్టిలో శ్రోత మారితే వివరణ కూడా మారాలి.

5. తర్కశాస్త్ర దృష్టి:

ఈ భేదాన్ని మన తర్కశాస్త్రం ఏనాడో గుర్తించింది. 17వ శతాబ్దికి చెందిన ఆంధ్ర పండితుడు అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం అనుమానాన్ని స్వార్థం, పరార్థం అని రెండుగా విభజించింది. వంటింట్లో పొగనూ నిప్పునూ కలిపి పలుమార్లు చూసినవాడు, కొండ మీద పొగ చూసి అక్కడ నిప్పుందని తనకు తాను గ్రహించడం స్వార్థానుమానం. అదే విషయాన్ని మరొకరికి బోధపరచడానికి ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అనే అయిదు అవయవాలతో వాక్యం చెప్పడం పరార్థానుమానం.

నేటి నెట్‌వర్కులోని యంత్రం చేసేది స్వార్థానుమానంతో పోల్చదగినది. పాత సమాచారంలో కలిసి కనిపించిన వాటి ఆధారంగా కొత్త సందర్భంలో ఒక ఫలితాన్ని అది తేలుస్తుంది. షాప్ వంటి పద్ధతులు అందులోని హేతువును మాత్రం వెలికితీస్తాయి. ఉదాహరణ, ఉపనయం లేకుండా ఆ హేతువు వినేవారికి అతకదు. ‘సమయం వాటా ఎక్కువ’ అని చెబితే ఇంజనీరు మిగతా అవయవాలను తానే పూరించుకోగలడు. సామాన్యుడు పూరించుకోలేడు.

తర్కశాస్త్రంలోని హేత్వాభాస, ఉపాధి అనే భావనలు ఇక్కడ మరింత ఉపకరిస్తాయి. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది గాని, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. తడి కట్టె తోడైతేనే పొగ వస్తుంది. ఆ తడి కట్టె సంబంధమే ఉపాధి. దాన్ని గుర్తించకుండా చేసిన అనుమానం హేత్వాభాసకు దారితీస్తుంది. అనేక నివాస ప్రాంతాల సమాచారంతో శిక్షణ పొందిన యంత్రం ‘రాత్రి రెండు గంటలయింది గనుక ఫోన్లు అవసరం ఉండదు’ అని నేర్చుకోవచ్చు. రాత్రి నిద్రపోయే ఊళ్లలోనే ఆ సంబంధం నిలుస్తుంది. రాత్రి డ్యూటీలు లేకపోవడమే అందులోని ఉపాధి. కూర్మన్నపాలెంలో అది వర్తించదు. అర్ధరాత్రి కలిసే ఫోన్ల సంఖ్య తక్కువే కావచ్చు. అందులో ఒక్కొక్కదాని అవసరం ఎంతో ఆ సంఖ్య చెప్పదు.

ఈ దోషాన్ని ఎవరు కనిపెట్టగలరు? వాటాల పట్టిక చూసే ఇంజనీరుకు సమయం ఒక సహజమైన హేతువుగానే తోస్తుంది. ఉపాధి సంగతి తెలిసినవారు అక్కడ నివసించేవారు. కారణం వారిదాకా చేరితేనే ఆ కారణంలోని తప్పు బయటపడుతుంది. వినియోగదారుకు చెప్పే వివరణ మర్యాద కోసం చేసే పని కాదు. నెట్‌వర్కు తన తప్పును తెలుసుకొనే మార్గాలలో అదొకటి.

6. ఆంధ్రప్రదేశ్‌లో ఎదురైన సందర్భాలు:

నెట్‌వర్కులో కృత్రిమ మేధ నిర్ణయాలు సామాన్యుని తాకడం ఇప్పటికే మొదలైంది. కేంద్ర టెలికాం శాఖ అస్త్ర్ అనే ముఖ గుర్తింపు వ్యవస్థ ద్వారా సిమ్ కార్డు దరఖాస్తుల్లోని ఫొటోలను పోల్చింది. తొలిదశలో 87 కోట్లకు పైగా కనెక్షన్లను పరిశీలించి, తనిఖీ అనంతరం 36 లక్షలకు పైగా కనెక్షన్లను రద్దు చేసినట్లు 2023 మేలో ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఏడాదే విజయవాడలో ఒకే ఫొటోతో 658 సిమ్ కార్డులు జారీ అయిన ఉదంతం ఈ వ్యవస్థ ద్వారా వెలుగులోకి వచ్చింది. ఇక్కడ కారణం ఎవరికైనా సులభంగా అర్థమవుతుంది: ముఖం ఒకటే, కార్డులు 658. అయితే పోలికలు కలిసిన ఇద్దరు అన్నదమ్ముల విషయంలో యంత్రం పొరబడితే, ‘మీ ఫొటో ఫలానా కనెక్షన్లతో సరిపోలింది’ అన్న సమాచారం లేకుండా వారు తమ వాదన వినిపించలేరు.

రెండవ సందర్భం 2024 సెప్టెంబరులో ఎయిర్‌టెల్ ప్రవేశపెట్టిన అవాంఛిత కాల్స్ గుర్తింపు వ్యవస్థ. ఫోను చేసేవారి అలవాట్లకు సంబంధించిన సుమారు 250 అంశాలను పరిశీలించి, అనుమానాస్పదమైన కాల్‌కు యంత్రం ఒక ముద్ర వేస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి ఈ హెచ్చరిక తెలుగుతో సహా పది భారతీయ భాషలలో కనిపిస్తున్నది. ఎన్నో మోసాల నుంచి జనాన్ని కాపాడే ఉపయోగకరమైన ఏర్పాటు ఇది. కాని తెలుగులోకి వచ్చింది ఫలితం మాత్రమే. హేతువు ఇంకా రాలేదు. ప్రతి ఉదయం నలభైమంది తల్లిదండ్రులకు వరుసగా ఫోను చేసి ‘బండి వచ్చింది, పిల్లల్ని పంపండి’ అని ఒక్క మాట చెప్పి పెట్టేసే స్కూలు ఆటో డ్రైవరును ఊహించుకోండి. తక్కువ వ్యవధిలో ఎక్కువ కాల్స్, ఒక్కొక్కటీ కొన్ని సెకన్లు. అవాంఛిత కాల్స్ చేసేవారి తీరు కూడా ఇలాగే ఉంటుంది. తన నంబరు మీద ముద్ర పడితే, ఏ అలవాటు వల్ల పడిందో తెలియనిదే అతను దాన్ని తొలగించుకునే దారి వెతకలేడు.

భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ ట్రాయ్ 2023 జులై 20న కృత్రిమ మేధపై సిఫారసులు వెలువరించింది. మనుషులపై నేరుగా ప్రభావం చూపే వినియోగాలను ముప్పు స్థాయిని బట్టి నియంత్రించాలని, అందుకు స్వతంత్ర చట్టబద్ధ సంస్థ ఉండాలని సూచించింది. అదే సంస్థ 2024లో తెచ్చిన సేవా నాణ్యత నిబంధనలు, జిల్లా స్థాయిలో 24 గంటలకు మించి సేవలు నిలిచిపోతే వినియోగదారుకు పరిహారం కల్పించాయి. తుపాను వంటి పెద్ద అంతరాయాలకు ఈ కొలత సరిపోతుంది. యంత్ర నిర్ణయం వల్ల ఒక వీధిలో అరగంట పాటు కలిగే అంతరాయం ఈ కొలతకు అందదు.

7. ప్రమాణంలో శ్రోతకు చోటు:

అంతర్జాతీయ ప్రమాణాలను మార్చడం మనవల్ల అయ్యే పనేనా అన్న సందేహం రావచ్చు. ఐదో తరం చరిత్రలో దీనికి సమాధానం ఉంది. భారతీయ గ్రామాలలో టవర్లు దూరదూరంగా ఉంటాయి, మనుషుల కదలిక వేగం తక్కువ. ఈ పరిస్థితికి తగినట్లుగా టవర్ల మధ్య 6 కిలోమీటర్ల దూరాన్ని లెక్కలోకి తీసుకొని ఐదో తరం సామర్థ్యాన్ని పరీక్షించాలన్న భారతీయ ప్రతిపాదనను అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 2017లో అంగీకరించింది. ఇందుకోసం భారత ప్రమాణాల సంస్థ టీఎస్‌డీఎస్‌ఐ వేదికగా జరిగిన కృషిలో ఐఐటీ హైదరాబాదు పరిశోధకుల పాత్ర ఉంది. 2022 మేలో ప్రారంభమైన స్వదేశీ ఐదో తరం పరీక్షా వేదికలో భాగస్వాములైన ఎనిమిది సంస్థలలోనూ ఐఐటీ హైదరాబాదు ఒకటి. మన పల్లె భౌగోళిక స్థితి ప్రమాణంలోకి ఎక్కినప్పుడు, మన శ్రోత కూడా ఎక్కవచ్చు.

కూర్మన్నపాలెం వంటి చోట ఆ శ్రోతలు కనీసం మూడు రకాలు. మొదటివారు నెట్‌వర్కు ఇంజనీర్లు. వారికి వాటాల పట్టిక, నమూనా ఎక్కడ తడబడుతుందో తెలిపే సూచికలు కావాలి. రెండవవారు కర్మాగారం వంటి పరిశ్రమల నిర్వాహకులు. పరిశ్రమలు తమ ఆవరణలో సొంత ఐదో తరం నెట్‌వర్కును నెలకొల్పుకునేందుకు కేంద్రం 2022 జూన్‌లో మార్గదర్శకాలిచ్చింది. కరిగిన లోహాన్ని మోసే క్రేనుకు సంకేతం అందించే నెట్‌వర్కు విషయంలో, నిర్ణయం తరువాత చెప్పే కారణం కన్నా, యంత్రం ఏ హద్దు దాటదో ముందే తెలియడం ప్రధానం. మూడవవారు గృహస్థులు. వారికి కావలసినది తెలుగులో ఒకటి రెండు వాక్యాలు: ఏం జరిగింది, ఏ కారణంగా జరిగింది, ఏది మారి ఉంటే జరిగేది కాదు, కాదనుకుంటే ఎవరికి చెప్పుకోవాలి.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. మిల్లీసెకన్ల వ్యవధిలో తీసుకునే ప్రతి నిర్ణయానికీ వివరణ తయారుచేయడం సాధ్యం కాదు. అయితే నిర్ణయ సమయపు సమాచారాన్ని భద్రపరచి, అడిగినప్పుడు వివరణ రూపొందించవచ్చు. కారణాలు బయటపెడితే మోసగాళ్లు తప్పించుకునే మార్గాలు నేర్చుకుంటారన్నది మరింత బలమైన అభ్యంతరం. అందుకే 250 అంశాల జాబితా మొత్తం చెప్పనవసరం లేదు. ముద్ర పడిన వ్యక్తికి, గుర్తింపు రుజువు చేసుకున్నాక, తన విషయంలో ప్రధానమైన కారణాన్ని తెలిపితే చాలు. అన్నింటికన్నా జాగ్రత్త పడవలసినది, వినడానికి ఇంపుగా ఉండి, యంత్రం నిజంగా చేసిన లెక్కకు సంబంధం లేని వివరణల విషయంలో. భాషా నమూనాలు ఇలాంటి వాక్యాలను ధారాళంగా రాయగలవు. తెలుగులో చక్కగా పలికిన హేత్వాభాస, పట్టికలో ఉన్న హేత్వాభాస కన్నా ప్రమాదకరం.

8. ముగింపు:

గూగుల్ సంస్థ 2025 అక్టోబరు 14న విశాఖపట్నంలో కృత్రిమ మేధా కేంద్రాన్ని ప్రకటించింది. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి అని తెలిపింది. నిర్ణయాలు తీసుకునే యంత్రాలు విశాఖ ప్రజలకు భౌతికంగా దగ్గరవుతున్నాయి. ఆ నిర్ణయాలకు కారణాలు కూడా అంతే దగ్గరవుతాయన్న హామీ మాత్రం దానంతట అది రాదు.

1966 నాటి ఉక్కు ఉద్యమం మొదలు 2021లో కూర్మన్నపాలెం కూడలిలో ప్రారంభమైన ఉక్కు పరిరక్షణ దీక్షల దాకా, తమ గురించి దూరాన జరిగిన నిర్ణయాలకు కారణం అడగడం ఈ ప్రాంత ప్రజలకు అలవాటే. అప్పుడు నిర్ణయించినవారు మనుషులు, అడగవలసిన చిరునామా తెలుసు. రేపటి నెట్‌వర్కులో ఆ చిరునామాను ప్రమాణాలలోనే రాయవలసి ఉంటుంది. మైసిన్ రోజుల్లో వివరణ వైద్యుని కోసం, నేటి నెట్‌వర్కులో ఇంజనీరు కోసం. పరార్థానుమానంలోని ‘పరుడు’ ఎవరన్న ప్రశ్నకు ఆరో తరం ప్రమాణాలు ఖరారయ్యేలోగా సమాధానం కావాలి. కృత్రిమ మేధ, భాషాశాస్త్రం, తర్కశాస్త్రం కలిసి పరిశోధించవలసిన ఈ అంశంలో తెలుగు విశ్వవిద్యాలయాలకు, పరిశోధకులకు తగినంత పని ఉంది.